కిరసనాయిలు ఎరగని బండి

హిందూపురం చింతపండు మార్కెట్టు వెనక సందులో మారెప్పను ఎవరు పలకరించినా మొదట తిట్టు వస్తుంది, తర్వాత మాట వస్తుంది. అరవై ఏళ్ళ మనిషి. ఎడమచేతికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొదలంటా లేవు. మిగిలిన మూడు వేళ్ళతో మీసం నిమురుకుంటూ, పాలవాడు నీళ్ళు కలిపాడని, ఆటోవాడు హారను కొట్టాడని, పక్కింటి కోడి తన గడప దాటిందని పొద్దున లేచింది మొదలు కయ్యానికి కాలు దువ్వుతుంటాడు. ఆ గడప కూడా అతనిది కాదు, అక్క తిమ్మక్కది.

పదిహేడేళ్ళుగా అతను అక్క ఇంట్లోనే తింటున్నాడు. ముందుగదిలో ఒక మంచం, గోడకు ఒక కొక్కెం, మంచం మీద ఒక నల్ల గొంగడి, ఇదీ అతని ఆస్తి. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. తిమ్మక్క మార్కెట్టు నుంచి చింతపండు బస్తాలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని గింజ తీసి, నార తీసి ఇచ్చి, ఆ పనితోనే కొడుకును చదివించింది. తమ్ముడికి రెండు పూటలా సంగటి పెట్టింది. ఆ నోటిదురుసు మనిషికి ఎందుకమ్మా పెడతావని ఇరుగుపొరుగు అడిగితే, తన మొగుణ్ణి కాపాడబోయి వేళ్ళు పోగొట్టుకుని వచ్చినవాడని, పెట్టకుంటే పాపమని చెప్పేది. ఆ ఒక్క మాట మీదే మారెప్ప తిండీ మంచమూ మర్యాదా నిలబడి ఉన్నాయి. ఆ మాట అబద్ధమని తెలిసినవాడు లోకంలో మారెప్ప ఒక్కడే.

అతని సొంత ఊరు పెనుకొండ దగ్గర పల్లె. వరుసగా మూడేళ్ళు వేరుశనగ ఎండిపోయాక నాలుగెకరాల చేను అమ్మి లారీ కొన్నాడు. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. మారెప్ప ఆ లారీని చేనుకన్నా, పెళ్ళానికన్నా ఎక్కువగా చూసుకున్నాడు. తిమ్మక్క భర్త ఓబన్నను రెండో డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఓబన్న బావ, వయసులో ఆరేళ్ళు పెద్ద, పనిలో పదేళ్ళు పెద్ద. అయినా బండి మారెప్పది కాబట్టి చివరి మాట మారెప్పదే అయ్యేది. ఓబన్న కూడా దానికి పెద్దగా పేచీ పెట్టేవాడు కాదు. నెమ్మదస్థుడు. బీడీ తప్ప ఇంకో అలవాటు లేదు.

ఆ రోజుల్లో డీజిల్లో రేషను కిరసనాయిలు కలిపి అమ్మే దొంగలు ఎక్కువ. అది పోసిన బండికి పంపు అరిగిపోతుంది, ఇంజను దెబ్బతింటుంది. అందుకే ఈ దిక్కు డ్రైవర్లు బంకులో దిగగానే రెండు వేళ్ళ మధ్య డీజిలు రుద్ది వాసన చూస్తారు. మారెప్ప ఈ విషయంలో అందరికన్నా నాలుగాకులు ఎక్కువ చదివాడు. ఒకసారి ధర్మవరం దారిలో కిరసనాయిలు వాసన వచ్చిందని బంకువాణ్ణి డీజిలు పోసే గొట్టంతోనే వీపు మీద వాయించాడు. పోలీసుస్టేషన్లో ఒక పూట కూర్చుని బయటికి వచ్చి, నేరుగా పెయింటరు దగ్గరికి వెళ్ళి బండి వెనక పెద్ద అక్షరాలతో రాయించాడు: కిరసనాయిలు చుక్క ఎరగని బండి. వంటకు కూడా లారీలో చిన్న గ్యాసు పొయ్యే పెట్టుకున్నాడు తప్ప కిరసనాయిలు స్టవ్వును ఎక్కనివ్వలేదు. ఓబన్న ఆ రాత పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోనే ఇప్పుడు దండతో తిమ్మక్క ఇంటి గోడకు ఉంది. ఆయనకు వేరే ఫొటో లేదు.

పదిహేడేళ్ళ కిందట ఒక జనవరిలో ఇద్దరూ చీనీకాయల లోడు ఢిల్లీలో దించి, అక్కడినుంచి బిస్కెట్ల లోడు ఎత్తుకుని కాశ్మీరు కొండెక్కారు. తిరిగి వచ్చింది మారెప్ప ఒక్కడే. ఎడమచేతికి కట్టు, చంకలో గొంగడి, బండిని అక్కడే తెగనమ్మాడు. అతను చెప్పిన కథ ఇది. మంచు పడి దారి మూసుకుపోయింది. ఇంజను గడ్డకట్టింది. ఓబన్న చలికి ఓర్చుకోలేక ఎవరి దగ్గరో రమ్ము సీసా సంపాదించి మొత్తం తాగేశాడు. తాగిన మైకంలో ఎంత చెప్పినా వినకుండా బండి దిగి మంచులోకి నడిచిపోయాడు. వెతకబోయిన తన వేళ్ళు పోయాయి. శవాన్ని అంత దూరం తేలేక అక్కడే కాల్చి వచ్చాడు.

తిమ్మక్క ఆ కథను మింగింది. ఊరు దాన్ని నమిలింది. బీడీ తప్ప ఎరగని మనిషి ఒక్కరోజులో తాగుబోతు ఓబన్న అయిపోయాడు. పదకొండేళ్ళ కొడుకు హరికృష్ణ బళ్ళో తాగుబోతోని కొడుకయ్యాడు. చివరి కోరిక తాగుడే కదా అని ఎవరో పెద్దామె చెబితే, ఏటా పెద్దల పండగ నాడు ఫొటో ముందు కూడూ కూరా బీడీకట్టతో పాటు ఒక రమ్ము సీసా కూడా పెట్టడం మొదలుపెట్టింది తిమ్మక్క. ఆడమనిషి ఆ అంగడికి పోలేదు గనుక సీసా తెచ్చేది మారెప్పే. పూజ అయ్యాక, పెద్దలకు పెట్టింది పారబోయకూడదు గనుక, పెరట్లో గోడకు ఆనుకుని అది తాగేది కూడా మారెప్పే. పదిహేడు సీసాలు అలా తాగాడు. ఒక్కసారైనా గొంతుకు అడ్డం పడలేదంటే ఆ గొంతు ఎలాంటిదో మరి.

హరికృష్ణకు ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. మందు వాసన తగిలితే లేచి వెళ్ళిపోతాడు. మేనమామతో అవసరానికి మించి ఒక్క మాట ఆడడు. బెంగుళూరులో వీడియో గేములు చేసే కంపెనీలో ఉద్యోగం. వారానికి రెండు రోజులు పొద్దున రైలెక్కి వెళ్ళివస్తాడు, మిగతా రోజులు ఇంటినుంచే పని. తయారవుతున్న ఆటను విడుదలకు ముందు ఆడి, ఎక్కడ తప్పుందో పట్టి రాయడం వాడి పని. ఈ సంవత్సరం వాడి చేతికి వచ్చిన ఆట, మంచుదేశంలో లారీ తోలే ఆట. దానికోసం కంపెనీవాళ్ళు స్టీరింగు, గేరు, కాళ్ళ కింద తొక్కుడు పలకలు కూడా ఇచ్చారు. ముందుగదిలో, మారెప్ప మంచానికి ఎదురుగానే, పెద్ద తెర పెట్టి బిగించుకున్నాడు.

తిట్టకుండా ఉండటం మారెప్పకు వల్ల కాలేదు. మేనల్లుడు గేరు మారిస్తే తప్పు, బ్రేకు తొక్కితే తప్పు. ఎక్కుడులో అట్లా మార్చితే గేరుబాక్సు చేతికొస్తుందని మంచం మీదనుంచే అరిచేవాడు. వారం రోజులు ఓపిక పట్టిన హరికృష్ణ ఒక మధ్యాహ్నం కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నువ్వే వచ్చి తోలు మామా. పది నిమిషాలు బతికితే చాలు."

మారెప్ప మీసం ఒకసారి నిమురుకుని కూర్చున్నాడు. తోలడంలో అతనికి వంక పెట్టేవాడు లేడు. మూడు వేళ్ళ చేత్తోనే ఆ మంచు మలుపులను మెత్తగా తీసుకుంటుంటే హరికృష్ణకు లోపల కొంచెం మండింది కూడా. ముందు ఒక చెట్టు పడి దారి ఆగింది. మారెప్ప బండి ఆపి, చేతి అలవాటుగా ఇంజను కట్టేశాడు. ఆగిన చోట ఇంజను ఆపి డీజిలు మిగిల్చుకోవడం మన డ్రైవర్లకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. తెర కింద ఉన్న గీతలు ఒకటొకటే తరిగాయి. ఒంటి వేడి, ఇంజను వేడి, బ్యాటరీ. చెట్టు తీశాక మళ్ళీ తాళం తిప్పితే బండి దగ్గి ఊరుకుంది. తెర తెల్లబడి ఇంగ్లీషులో ఏదో పడింది. చచ్చిపోయావని అర్థమని, తొమ్మిది నిమిషాలు పట్టిందని హరికృష్ణ తీరిగ్గా చెప్పాడు.

కుర్చీలో కూర్చున్నవాణ్ణి పట్టుకుని చచ్చావనడం ఏమి మర్యాదని మారెప్ప ఎగిరాడు. ఈ ఆట చేసినవాళ్ళు జన్మలో లారీ ఎక్కి ఉండరన్నాడు. అని, మళ్ళీ మొదలు పెట్టమన్నాడు.

అలా మూడు వారాలు సాగింది. పొద్దున హరికృష్ణ పని, మధ్యాహ్నం కాసేపు మారెప్ప చావు. ఆ ఆటలో చలి కంటికి కనబడని శత్రువు. కోట్లన్నీ వేసుకుని వేడి గాలి పెట్టుకుంటే చెమట పడుతుంది, ఆ తడి బట్టలతో కిందికి దిగితే మామూలుకన్నా రెండింతలు వేగంగా చస్తారు. చక్రం చూడటానికి అద్దం దించితే అంతసేపూ కూడబెట్టిన వేడి పోతుంది. అద్దాలన్నీ బిగించి లోపల పొయ్యి వెలిగిస్తే, చలితో కాక పొగతో చస్తారు. ఆకలేస్తే చేతులు వణికి స్టీరింగు నిలవదు. నిద్ర ఆపుకుంటే తెర మసకబారుతుంది. మారెప్ప ఒక్కొక్కటీ చచ్చి నేర్చుకున్నాడు. నేర్చుకున్నకొద్దీ ఆట మీద కోపం పెరిగింది. ఆట మీది కోపం హరికృష్ణ మీద, చింతపండు ఈగల మీద, పాలవాడి మీద పడింది.

ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చచ్చినా నేర్చుకోలేదు. బండి ఆగిపోయాక దిగి నడవడు. ఆటలో బండి దిగడానికి ఒక మీట ఉంది. దాన్ని నొక్కి అర కిలోమీటరు నడిస్తే ఒక గుడిసె, గుడిసెలో పొయ్యి ఉంటాయి. ఇంజను చచ్చాక బతకడానికి అదొక్కటే దారి. మారెప్ప చెయ్యి ఆ మీట మీదికి పోదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని, తెర తెల్లబడేదాకా చూస్తుంటాడు.

"ప్రతిసారీ బండి కాడే చస్తాండావు మామా. దిగి నడిస్తే ఏమైతాది?" అన్నాడు హరికృష్ణ ఒకరోజు.

"బండిని ఇడిసిపెట్టి పోయేటోడు డ్రైవరే కాదు" అన్నాడు మారెప్ప.

గుమ్మం పక్కన చింతపండు ముందేసుకుని కూర్చున్న తిమ్మక్క చెయ్యి ఆగింది. ఎవరినీ చూడకుండా, మొగుణ్ణి తలుచుకుని, ఆయప్ప ఇడిసిపెట్టి పోయినాడు గదా అంది. మళ్ళీ గింజ తీయసాగింది. మారెప్ప స్టీరింగును ఒక్క గుద్దు గుద్ది లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ పూట సంగటి కూడా తినలేదు.

పెద్దల పండగ ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున తిమ్మక్క ఎప్పటిలాగే తమ్ముడికి సీసా సంగతి గుర్తుచేసింది. తెస్తాలే అన్నాడు. మధ్యాహ్నం తెర ముందు కూర్చున్నాడు. ఆ రోజు హరికృష్ణ ఆటలో అన్నిటికన్నా కష్టమైన దారి పెట్టాడు. ఎత్తయిన కనుమ, సున్నాకింద ముప్పై డిగ్రీలు. ఆ దారిలో తోలేవాళ్ళకు ఏ సూచనా రాదు. ఆట రాసినవాళ్ళు దాంట్లో ఒక మెలిక దాచిపెట్టారు. హరికృష్ణకు అది కాగితాల్లో చదివి తెలుసు. వాడితోపాటు పనిచేసేవాళ్ళు ముప్పైమంది ఆడితే ఒక్కడికీ దొరకలేదు. అందరి బండ్లూ కనుమ మధ్యలోనే గడ్డకట్టాయి.

కొండ కింద బంకు వచ్చింది. మారెప్ప బండి ఆపాడు, ఇంజను మాత్రం ఆపలేదు. అంగడిలో సరుకుల బొమ్మలు తెర మీద వరసగా కనబడ్డాయి. రొట్టె, కోటు, చక్రాలకు కట్టే గొలుసులు, మూలన ఒక నీలం డబ్బా. మోసుకుపోవడానికి ఉన్న చోటు తక్కువ. మారెప్ప ఒక్క క్షణం ఆగాడు. తీసుకున్న రొట్టెను వెనక్కి పెట్టేసి నీలం డబ్బా తీసుకున్నాడు. ట్యాంకు మూత తీసి డబ్బా మొత్తం అందులో పోశాడు. ఏదో రోజూ చేసే పనిలాగా మూత బిగించి బండెక్కాడు.

హరికృష్ణ కుర్చీలో ముందుకు వంగాడు.

బండి కనుమ ఎక్కింది. మంచు అద్దాన్ని కొట్టింది. ఒంటి వేడి సగానికి పడింది, ఆకలి గీత ఎర్రబడింది. ఇంజను మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు. మారెప్ప మలుపు మలుపుకూ బండిని అదిలిస్తూ, బతిమాలుతూ, బూతులు తిడుతూ కొండ నెత్తికి చేర్చాడు. తెర మీద పసుపుపచ్చ వెలుగు వచ్చింది. మారెప్ప తొడ చరిచి పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో అతని నవ్వు ఎవరూ విని చాలా ఏళ్ళయింది. తిమ్మక్క కూడా చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఏమో గెలిచినట్టుండాడే అని నవ్వుతూ నిలబడింది.

"ఆ నీలం డబ్బా ఎందుకు పోసినావు మామా?" అడిగాడు హరికృష్ణ.

"కిరసనాయిలబ్బా అది. నాలుగు పాళ్ళ డీజిలుకు ఒక పాలు పోస్తే ఎంత చలి అయినా గడ్డకట్టదు. కొండ డ్రైవర్లంతా పోస్తారు."

"నీకెవరు చెప్పినారు?"

"ఇంకెవరు, మీ నాయనే. కొండెక్కే ముందర బంకు కాడ బండి నిలిపి..."

నవ్వు ఇంకా మూతి మీదనే ఉంది. మాట మాత్రం ఆగిపోయింది. గెలిచిన ఉషారులో నోరు తనంతట తాను నడిచి ఎక్కడికి వచ్చి నిలబడిందో మారెప్పకు అప్పుడు తెలిసింది.

హరికృష్ణ తల తిప్పి గోడ మీది ఫొటో చూశాడు. వాళ్ళ నాయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు. భుజం పక్కన ఆ రాత.

"మరి పోసినావా?"

మర్చిపోయామని చెప్పవచ్చు. అక్కడ దొరకలేదని చెప్పవచ్చు. పదిహేడేళ్ళు ఒక అబద్ధాన్ని సాకినవాడికి ఇంకొకటి కష్టమేమీ కాదు. కానీ ఎదురుగా ఆ ఫొటో, పక్కన అక్క. మారెప్ప తన ఎడమచేతిని ఒళ్ళో దాచుకున్నాడు. తర్వాత చెప్పింది ఒక వరసలో చెప్పలేదు, హరికృష్ణ అడిగినకొద్దీ ముక్కలు ముక్కలుగా రాలింది.

ఆ బంకు దగ్గర కొండ డ్రైవర్లంతా ట్యాంకుల్లో కిరసనాయిలు పోసుకుంటున్నారు. ఓబన్న అది చూసి వచ్చి, మనమూ పోసుకుందాం మారెప్పా, వీళ్ళు పుట్టి పెరిగిన దారి ఇది, ఊరికే పొయ్యరు అన్నాడు. మారెప్ప వినలేదు. నా బండి వెనక ఏమి రాసుందో చదువుకో అన్నాడు. ఓబన్న రెండోసారి అడిగితే, కొత్తగా వచ్చినవాణ్ణి చూసి అంటగడుతున్నారు, నువ్వు కూడా ఆ దొంగలతో కలిసినావా అన్నాడు. ఓబన్న పోయి బండెక్కాడు. పైన మంచు పడి బండ్లు ఆగాయి. తెల్లారేసరికి ట్యాంకులో డీజిలు మైనంలాగా గడ్డకట్టింది. దారి తెరుచుకున్నాక ముందు బండ్లు కదిలిపోయాయి, ఇది ఒక్కటీ కదలలేదు. వెనక బండ్లు రెండు మైళ్ళ కింద మలుపులో, అక్కడ మంచు ఇంకా తీయక, ఆగి ఉన్నాయి. ఎవరో ఒకరు వెళ్ళి కిరసనాయిలు అడిగి తేవాలి. సొంతబండిని విడిచి మారెప్ప పోడు. నువ్వు పోయి తే అన్నాడు. ఓబన్న పది లీటర్ల క్యాను తీసుకుని దిగాడు. మరుసటి రోజు మిలిటరీవాళ్ళకు దొరికినప్పుడు పక్కన క్యాను ఖాళీగా ఉంది. మారెప్ప వేళ్ళు పోయింది వెతకబోయి కాదు. డీజిలు పైపును వట్టి చేత్తో పట్టుకుని వేడిచేయబోయి. ఆ రోజంతా, ఆ మరుసటి రోజూ అతను బండి దగ్గరనుంచి కదలనే లేదు.

రమ్ము సంగతి హరికృష్ణ అడగలేదు. అడిగింది తిమ్మక్క.

"ఆయప్ప తాగిండ్లేదా?"

"లేదక్కా."

ఊరికి ఫోను చేసినప్పుడు పక్కన నిలబడ్డ డ్రైవరెవరో, తాగినవాళ్ళే ఇట్లా దిగిపోయి చస్తుంటారని అన్నాడనీ, ఆ మాట నోటికి దొరికిందనీ, ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదనీ మారెప్ప గొణిగాడు. తిమ్మక్క అది వింటున్నట్టు లేదు. ఆమె మంచం వైపు చూస్తోంది.

"దిగినప్పుడు గొంగడి కప్పుకున్న్యాడా?"

ఆ గొంగడి తిమ్మక్క పుట్టింటిది. పెళ్ళిలో తల్లి పెట్టింది. చలిదేశం పోతున్నారని ఆమే మడిచి మొగుడి చేతికిచ్చింది. లారీలో ఉన్నది ఆ ఒక్కటే.

మారెప్ప తల అడ్డంగా ఊపాడు. "నా కాడే ఉండె" అన్నాడు.

హరికృష్ణ లేచి తెర తీగ పీకేశాడు. తెర నల్లబడింది. బళ్ళో విన్న మాటలన్నీ, మందు వాసన తగిలితే లేచిపోయిన పెళ్ళిళ్ళన్నీ, నాయన ఫొటో వైపు ద్వేషంతో చూసిన పండగలన్నీ ఒక్కసారిగా వాడి మీదికి వచ్చిపడ్డాయి. మేనమామ చొక్కా పట్టుకుని లేపి, కొక్కేనికున్న సంచీ తీసి వాకిట్లోకి విసిరాడు. పొమ్మన్నాడు, ఈ గడప మళ్ళీ తొక్కితే చంపుతానన్నాడు. రోజంతా అందరినీ తిట్టే మారెప్ప నోట ఒక్క తిట్టు రాలేదు. చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు. ఒక చెప్పే దొరికింది. దానితోనే గడప దాటబోయాడు.

"నిలబడు" అంది తిమ్మక్క.

అతను నిలబడ్డాడు. ఆమె గొంతు పెంచలేదు.

"యాడికి పోతావు? నీకెవురుండారు? బయట పడి సస్తే మళ్ళ ఇంకో కథ పుడతాది. మనిషిని బయటికి పంపి ఇంట్లో కూసునేదానికి నేను నువ్వు కాదు. ఈడనే ఉండు, పెట్టింది తిను. మాట మాత్రం నాతో మాట్లాడద్దు, నేను సచ్చేదంకా."

కొడుకు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మంచం దగ్గరికి వెళ్ళి గొంగడి తీసుకుంది. దులిపింది. మడిచి లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి వచ్చి చింతపండు ముందు కూర్చుంది. చెయ్యి ఎప్పటిలాగే ఆడింది గానీ, ఆ సాయంత్రం ఆమె తీసిన పండులో గింజలు చాలా మిగిలిపోయాయి.

పండగ వచ్చింది. పొద్దున మారెప్ప కాళ్ళు అలవాటు కొద్దీ మందు అంగడి దాకా పోయాయి. అక్కడ కాసేపు నిలబడి ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఫొటో ముందు విస్తరి, కూర, బీడీకట్ట ఉన్నాయి. ఏటా సీసా పెట్టే చోట నల్ల గొంగడి మడిచి పెట్టి ఉంది, దానిమీద ఒక పువ్వు. హరికృష్ణ టెంకాయ కొట్టాడు. తిమ్మక్క మొగుడి ఫొటోకు మొక్కి, ఇన్నేళ్ళు తాగుబోతన్నాను, మన్నించు అని పైకే అంది.

అందరికీ విస్తళ్ళు వేసింది. మారెప్ప విస్తరి అతని మంచం పక్కన, విడిగా వేసింది. వేడి అన్నం పెట్టింది, కూర పోసింది. కడుపునిండా పెట్టింది. అతను ఎడమచేతిని వెనక దాచుకుని, కుడిచేత్తో కలుపుకుంటూ, చాలనడానికి కూడా నోరు తెరవలేక, ఆమె పోసిందంతా తిన్నాడు.